హాఫ్‌టైం గేటు

ఉద్యోగం వచ్చేదాకా మా పెదనాన్నకు ఏ ఫుట్‌బాల్ ఆటలోనూ మొదటి సగం ఎలా ఉంటుందో తెలియదు. ఉద్యోగం వచ్చాక రెండో సగం చూడటం కూడా పోయింది. స్టేడియం పెద్ద గేటు దగ్గర కాపలా ఆయన పని. మైదానానికి వీపు పెట్టి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడాలి. ఆటంతా ఆయనకు వీపు మీదుగా వినిపించేదే. గ్యాలరీలో అరుపు లేచిన తీరును బట్టి గోల్ పడిందో తప్పిపోయిందో చెప్పేవాడు. అరుపులు ఆగి తిట్లు మొదలైతే, "రెఫరీకి మూడింది" అని నవ్వుకునేవాడు.

ఊళ్లో అందరూ ఆయన్ని హాఫ్‌టైం బాబాయి అనేవారు. ఆ పేరుకో కథ ఉంది. పూర్వం ఆ మైదానంలో మిల్లుల జట్లు ఆడేవి. ఆట సగమయ్యే వేళకే మిల్లులో షిఫ్టు దిగే సైరన్ మోగేది. సైరన్ మోగగానే టికెట్లమ్మే గుమాస్తా కిటికీ మూసుకుని ఇంటికి పోయేవాడు, కాపలా మనిషి పెద్ద గేటు బార్లా తీసేసేవాడు. చేతులకు నూనె మరకలతో, తలల్లో దూది పోగులతో మిల్లు జనమంతా లోపలికి పోయేవారు. ఎవరు పెట్టిన ఆనవాయితీయో ఎవరికీ తెలియదు. మా తాతయ్య కూడా అలాగే పెదనాన్నను భుజాల మీద ఎక్కించుకుని ఆ గేట్లోంచి తీసుకెళ్లేవాడట. "మొదటి సగం డబ్బున్నవాళ్లది, రెండో సగం ఊరందరిదీ" అనేది మా ఊళ్లో మాట.

గేటు తాళంచెవి చేతికొచ్చాక పెదనాన్న ఒక్క ఆటకు కూడా ఆ ఆనవాయితీ తప్పలేదు.

కొన్నాళ్లకు మిల్లుల జట్లు పోయాయి. మైదానంలో గడ్డి మొలిచింది, మేకలు మేశాయి. అప్పుడు, ఎవరూ అనుకోని విధంగా, మా చిన్న రాష్ట్రానికి జీతాల మీద ఆడే జట్టు ఒకటి వచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్లలో సంపాదించిన ఒకాయన, పుట్టిన నేల మీద మమకారంతో, ఇక్కడి పేరు మీద జట్టు కట్టాడు. స్టేడియానికి రంగులు వేయించాడు, కొత్త కుర్చీలు పెట్టించాడు. పెద్ద గేటు పక్కన మనిషి దూరగానే తిరిగి లెక్కపెట్టుకునే ఇనుప చక్రాలు పెట్టించాడు. పెద్ద గేటు ఇక అంబులెన్సు కోసమే అన్నారు. కానీ తాళంచెవి పెదనాన్న దగ్గరే ఉంచారు, ఆయనకంటే నమ్మకమైన మనిషి లేడని.

స్టేడియం ఎదురుగా టీకొట్టు నడిపేవాడికి మాత్రం మొదటినుంచీ అనుమానమే.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అట" అనేవాడు గ్లాసులు కడుగుతూ. "మన రాష్ట్రం ఎంత బాబాయ్? ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అంటారు. మనకి జీతాల జట్టా? జనం ఎక్కణ్ణించి వస్తారు?"

"వస్తార్రా. నువ్వు రావూ?"

"నేనెందుకు రాను? సైరన్ మోగనీ, వస్తా."

పెదనాన్నకు ఆ మాట జోకులాగే వినిపించింది.

మొదటి ఆట రోజున కుర్చీలు సగం పైన ఖాళీ. మన జట్టు కుర్రాళ్లు నిద్రలో నడిచినట్టు ఆడుతున్నారు. మిల్లు సైరన్ మోగింది. మూడు షిఫ్టుల్లో రెండు ఎత్తేశారు కానీ, ఆ సైరన్ మాత్రం ఇంకా మోగుతోంది. కాసేపటికి పెద్ద గేటు అవతల జనం చేరారు. ఎవరూ కేకలు వేయలేదు, తొయ్యలేదు. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. పెదనాన్న వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు, తాళం తీశాడు.

ఆ రెండో సగంలో గ్యాలరీ కిక్కిరిసింది. ఆటగాళ్ల కాళ్లకు ప్రాణం లేచొచ్చింది. మన జట్టు గెలిచింది. జట్టు మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి పెదనాన్న భుజం తట్టి, "చూశారా బాబాయ్, జనం ఎలా విరగబడ్డారో!" అన్నాడు. ఎటునుంచి విరగబడ్డారని అడగలేదు. అడగాలని ఉన్నట్టు కూడా లేదు.

మాది ఒకే ఇంట్లో రెండు వాటాలు. మా నాన్న సిటీ బస్సు కండక్టరు. ఆ రోజు భోజనాల దగ్గర సంగతి విని చేతిలో ముద్ద అలాగే పట్టుకున్నాడు.

"అన్నయ్యా, చివరి స్టాపు ముందు ఎక్కినవాడికి కూడా నేను టికెట్టు కొడతాను. సగం దూరం అయిపోయింది కదా అని ఊరికే ఎక్కించుకుంటే డిపోలో నా చొక్కా ఊడదీస్తారు."

"నీ బస్సు నిండినా, ఖాళీగా ఉన్నా ఒకేలా పోతుందిరా. ఆట అలా కాదు. జనం లేకపోతే వాళ్ల కాళ్లు ఆడవు."

"కాళ్లాడటానికి వాళ్లకి జీతాలిస్తున్నారుగా?"

"జీతమిస్తే చాలు కాళ్లు సరిగ్గా ఆడేట్టయితే, మీ డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా జనం ముందుకెళ్లి ఎందుకు పడతారు?"

పెద్దమ్మ మజ్జిగ పోస్తూ, "అన్నదమ్ములిద్దర్నీ మీ అమ్మ వాకిట్లోనే కని ఉంటుంది" అంది. "ఒకరు ఎక్కనివ్వరు, ఇంకొకరు ఆపరు."

పెద్దమ్మ ఏనాడూ ఆట చూడలేదు. ఆట ఉన్న రోజున క్యారేజీ తీసుకుని గేటు దగ్గరికి వెళ్లేది. గేటు లోపలి వైపు ఆవిడ కోసమే ఒక స్టూలు ఉండేది. పెదనాన్న తినేదాకా దాని మీద కూర్చుని, ఏదో ఒకటి చెబుతూ, గిన్నెలు సర్దుకుని వచ్చేసేది. ఆయన ఎంత తిన్నాడన్నదాన్ని బట్టి జట్టు గెలిచిందో ఓడిందో ఆవిడకు తెలిసిపోయేది.

మూడేళ్లు అలా గడిచాయి. ఈ మూడేళ్లలో జరిగిందంతా పెదనాన్న ఎదురుగానే జరిగింది, కానీ ఆయన చూడలేదు. మొదట్లో టికెట్టు కొని వచ్చినవాళ్లు కూడా మెల్లగా సైరన్ కోసం ఆగడం నేర్చుకున్నారు. డాక్టరుగారు ఆగారు, నగల కొట్టాయన ఆగాడు. కార్లలో వచ్చినవాళ్లు అద్దాలు ఎత్తుకుని, పాటలు పెట్టుకుని, గేటు తీసేదాకా కూర్చునేవారు. పెదనాన్నకు కనిపించింది ఒక్కటే, గేటు అవతల జనం ఏడాదికేడాది పెరుగుతున్నారు. టీకొట్టువాడితో పందెం గెలిచినంత సంబరంగా చెప్పేవాడు. "చిన్న రాష్ట్రమన్నావు. చూడు, రోడ్డు పట్టడం లేదు."

నాలుగో ఏడు, జట్లన్నిటి మధ్యా పోటీలు నడిపే లీగ్ వాళ్లు వచ్చారు. జట్టును ఇక్కడే ఉంచాలా, పెద్ద నగరానికి తరలించాలా తేల్చడానికి. జట్టు పోతే స్టేడియాన్ని గోదాముల కంపెనీకి అద్దెకిస్తారని అప్పటికే పుకారు. పెదనాన్న వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "జట్టు పోతుందంటావా?" అని కనిపించినవాళ్లందరినీ అడిగాడు, నన్ను కూడా అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

టౌన్‌హాల్లో మీటింగు పెట్టారు. లీగ్ తరఫున వచ్చినావిడ పొట్టిగా, అలసిపోయినట్టు ఉంది. గొంతు పెంచకుండా మాట్లాడింది.

"మీ ఊరు బాగుంది. మీకు ఆటంటే ఇష్టమనీ తెలుస్తోంది. కానీ స్టేడియం నిండటం లేదండీ. ముప్పాతిక వంతు కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి."

హాలు గొల్లుమంది.

"ఎవరమ్మా చెప్పింది?"

"కూర్చోడానికి చోటు లేక మెట్ల మీద నిలబడుతున్నాం!"

"కళ్లున్నాయా లేవా మీ వాళ్లకి?"

ఆవిడ అరుపులు తగ్గేదాకా ఆగింది. "గేటు దగ్గర చక్రాలున్నాయి కదా. ఒక మనిషి లోపలికి వెళ్తే ఒకసారి తిరుగుతాయి. అవి చెప్పిందే నేను చెబుతున్నాను."

హాలు చప్పున చల్లబడింది. అందరికీ అర్థమైంది. టీకొట్టువాడు చెప్పులు సర్దుకున్నాడు. డాక్టరుగారు ఫోను చూసుకున్నారు. మేనేజరు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. వెనక వరసలో మా పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"జనం వచ్చారమ్మా. చక్రంలోంచి రాలేదు. హాఫ్‌టైంలో పెద్ద గేటు నేనే తీస్తున్నాను. చక్రం తప్పు కాదు, మీ తప్పూ కాదు. తప్పుంటే నాది."

ఆవిడ మేనేజరు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఎందుకు తీశారు పెద్దాయనా?"

పెదనాన్న "బయట నిలబడ్డారు కదమ్మా" అన్నాడు.

"నేను ఒక్కటే అడుగుతాను. ఆ గేటు తీయకపోతే వాళ్లు టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లేనా?"

పెదనాన్న హాలు వైపు తిరిగాడు. "చెప్పండర్రా" అన్నాడు.

చేతులు లేచాయి. ఒకటీ రెండూ కాదు, హాలంతా చేతులే. టీకొట్టువాడైతే రెండు చేతులూ ఎత్తాడు. పెదనాన్న మొహంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఆవిడ చేతుల వైపు చూసి చిన్నగా తలూపింది. "సరే. ఈ ఏడు ఇక్కడ ఇంకో ఆట ఉంది. ఆ రోజు పెద్ద గేటు తీయకండి. హాఫ్‌టైం తర్వాత వచ్చేవాళ్లకి టికెట్టు సగం ధరకే ఇప్పిస్తాను. కౌంటరు చివరిదాకా తెరిచే ఉంటుంది. చక్రం ఏం చెబితే అదే నిర్ణయం. ఆ పైన నా చేతిలో ఏమీ లేదు."

ఆట రోజు వరకూ పెదనాన్న ఊరంతా తిరిగాడు. మిల్లు గేటు దగ్గర, మంగలి షాపు దగ్గర, ఆటోస్టాండులో అదే మాట, "గేటు తీయను. కొనుక్కుని రండి. ఒక్క ఆట." అందరూ ఒకటే జవాబు చెప్పారు. "అలాగే బాబాయ్, దానికేం భాగ్యం!" కొందరు ఆ మాట అని, పక్కవాడి వైపు చూసి కన్ను గీటారు. నాన్నతో కలిసి ఆయన వెంట తిరిగినప్పుడు అది నాకు కనిపించింది. పెదనాన్నకు కనిపించలేదు.

ఆ రోజు నాన్న సెలవు పెట్టి, ఆటకు ముందే మా ఇద్దరికీ టికెట్లు కొన్నాడు. చక్రంలోంచి వెళ్తుంటే అది కటకటమని తిరిగింది. "ఒకటి నువ్వు, ఒకటి నేను" అన్నాడు, బస్సులో తలలు లెక్కపెట్టినట్టు. లోపల కుర్చీల మీద మబ్బు నీడ తప్ప ఏమీ లేదు. మొదటి సగంలో రెండు జట్లూ గోల్ కొట్టలేదు. సైరన్ మోగగానే నేను మంచినీళ్ల సీసా తీసుకుని కిందికి, గేటు దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. పెదనాన్న మూత కూడా తీయలేదు.

గేటు అవతల రోడ్డంతా జనం. ఆ మూడేళ్లలో ఎప్పుడూ రానంతమంది. కౌంటరు కిటికీ వాళ్ల కుడిచేతి పక్కనే ఉంది. లోపల గుమాస్తా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ ముందు ఒక్కరూ లేరు.

టీకొట్టువాడు కమ్మీలు పట్టుకుని నవ్వుతూ, "బాబాయ్, సైరన్ మోగింది" అన్నాడు.

"మోగింది. కౌంటరు అక్కడుంది."

"తెలుసులే. ఆ లీగ్ ఆవిడ చూస్తోందని అంటున్నావు కదా? కానీ కానీ. కాసేపాగి తియ్యి, మాకేం తొందర లేదు."

"తియ్యనురా. ఒట్టు."

"ఒట్టు గట్టున పెట్టు. నీ సంగతి మాకు తెలీదూ?"

జనం నవ్వారు. అది దెప్పిపొడుపు కాదు, ముద్దుగా నవ్విన నవ్వు. ఆ నవ్వు వినగానే నాకు భయం వేసింది.

వెనకనుంచి ఒక ముసలి మిల్లు కార్మికుడు దారి చేసుకుని ముందుకొచ్చాడు. "ఒరే అబ్బాయ్, మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని ఈ గేట్లోంచే తెచ్చాడు. వాడితోపాటు నేనూ ఉన్నాను. ఏనాడైనా మమ్మల్ని ఆపారా?"

పెదనాన్న చెయ్యి జేబులోకి వెళ్లింది. పెద్దమ్మ స్టూలు మీదనుంచి లేచింది. చెయ్యి మళ్లీ ఖాళీగా బయటికొచ్చింది.

"మావా, నీ కాళ్లు పట్టుకుంటాను. సగం ధరే. ఒక్కడు వెళ్తే వెనకాలే అందరూ వెళ్తారు. నువ్వెళ్లు."

"నేను కొని లోపలికొచ్చాక నువ్వు గేటు తీస్తే? నలుగుర్లో నేను వెర్రివెంగళప్పనా?"

అదే అసలు సంగతి. డబ్బు లేనివాళ్లు కొందరున్నారు, కానీ ఉన్నవాళ్లే ఎక్కువ. ప్రతివాడూ కౌంటరు వైపు చూశాడు, తర్వాత పక్కవాడి మొహం చూశాడు. తను టికెట్టు చేతిలో పట్టుకుని నిలబడగానే గేటు తెరుచుకుంటే ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుతుంది. కదలనివాడే తెలివైనవాడు. ఒకమ్మాయి మాత్రం సిగ్గుపడుతూ వెళ్లి టికెట్టు కొంది. "అయ్యో పాపం, డబ్బులెక్కువైనట్టున్నాయి!" అని ఎవరో అరిచారు. ఆ తర్వాత ఇంకెవరూ వెళ్లలేదు.

"కొనండర్రా" అన్నాడు పెదనాన్న. కమ్మీలకు మొహం ఆనించి అరిచాడు. "ఒక్కసారి కొనండి. తర్వాత నన్ను ఎన్ని తిట్లయినా తిట్టుకోండి. పోతుందిరా, జట్టు పోతుందిరా!"

"పోదులే బాబాయ్. ముందు తాళం తియ్యి."

అప్పుడు లోపల ఏదో జరిగింది. విజిల్ వినిపించింది. పెదనాన్న వీపు నిటారుగా అయింది. మామూలుగా అయితే వీపుతోనే చెప్పేవాడు. కానీ గ్యాలరీలో అరుపే లేదు. సంబరమా, చావా తెలియడానికి అక్కడ అరిచేవాళ్లే లేరు. అన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆయన రోడ్డుకు వీపు పెట్టి మైదానం వైపు తిరిగాడు. మనవాళ్ల గోల్ వలలో బంతి ఉంది. అవతలి జట్టువాళ్లు ఒకళ్లనొకళ్లు కావిలించుకుంటున్నారు. మన గోల్‌కీపరు కుర్రాడు నేల మీద కూర్చుని ఖాళీ కుర్చీల వైపు చూస్తున్నాడు. పెదనాన్న ఆట అయ్యేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు. గేటు అవతలనుంచి ఎవరు పిలిచినా తిరగలేదు.

ఆట ముగిసిన విజిల్ విన్నాక గానీ, ఆయన నిజంగానే గేటు తీయడని బయటివాళ్లకు నమ్మకం కలగలేదు. టీకొట్టువాడు కమ్మీలు వదిలేసి, "ఇంత పట్టుదల ఎందుకు బాబాయ్? తీస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

జట్టు వెళ్లిపోయింది. పెద్ద నగరంలో కొత్త పేరు పెట్టుకుంది. ఊళ్లో మాత్రం ఆ మాట ఆగలేదు. మంగలి షాపులో, ఆటోస్టాండులో, టీకొట్టులో రెండే వాదనలు. "మూడేళ్లు గేటు తీసి టీమును ముంచాడు" అని ఒకటి. "ఆ ఒక్కరోజు తీయక ముంచాడు" అని ఇంకొకటి. ఈ రెండూ ఒకే నోట విన్న రోజులున్నాయి. చేతులెత్తిన సంగతి ఎవరూ ఎత్తలేదు. హాఫ్‌టైం బాబాయి అని పిలవడం మానేశారు. అసలు పిలవడమే మానేశారు. ఆయన టీకొట్టు ముందునుంచి వెళ్తే కబుర్లు ఆగిపోయేవి, దాటాక మొదలయ్యేవి.

"వాళ్లన్నది నిజమేరా" అన్నాడు పెదనాన్న ఒకరోజు నాన్నతో. "నేను తీయకుండా ఉంటే మొదట్లో కొన్నవాళ్లయినా కొంటూ ఉండేవాళ్లు. నేనే మాన్పించాను."

"కొనేవాళ్లు కాదన్నయ్యా. ఎప్పుడో పోయేది, కాస్త ముందుగా పోయింది."

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

నాన్నకు తెలియదు. ఎవరికీ తెలియదు. చిన్న రాష్ట్రం జట్టును మోయగలదో లేదో, మోయడం మొదలుపెట్టి ఉంటే కదా తెలిసేది. పెదనాన్నను లోపల తినేసింది ఆ తెలియకపోవడమే.

పుకారు నిజమైంది. గోదాముల కంపెనీ వచ్చింది. కుర్చీలు పీకి అమ్మేశారు. మైదానం మీద రేకుల షెడ్లు వేశారు. గేటు సంగతి బాగా తెలిసిన మనిషని పెదనాన్ననే కాపలాకు ఉంచుకున్నారు. నేనూ నాన్నా వద్దన్నాం. ఆయన వినలేదు. "నాకింకే పనొచ్చు?" అన్నాడు.

ఇప్పుడు పెద్ద గేటు లారీల కోసం రోజంతా తీస్తూ మూస్తూ ఉండాలి. పాసు చూపించనిదే ఆయన ఎవర్నీ లోపలికి పోనివ్వడు. రోజూ వచ్చే డ్రైవర్లను కూడా రోజూ అడుగుతాడు. ఒకసారి పాసు మర్చిపోయిన కంపెనీ మేనేజరునే ఎండలో నిలబెట్టేశాడు. ఆ మనిషి కోప్పడకుండా, ఇలాంటివాడే కావాలని మెచ్చుకుని జీతం పెంచాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పెదనాన్న మొహంలో ఏమీ లేదు.

మొన్న పెద్దమ్మకు మోకాళ్ల నొప్పిగా ఉంటే, క్యారేజీ పట్టుకుని నేనూ తోడు వెళ్లాను. ఎండ మండిపోతోంది. గేటు లోపల, గోడ నీడలో, ఆ పాత స్టూలు అలాగే ఉంది. పెద్దమ్మ కమ్మీల దగ్గర ఆగింది.

"కాస్త తీయండి. కాళ్లు లాగేస్తున్నాయి, కూర్చుంటాను."

పెదనాన్న కమ్మీల సందులోంచి చెయ్యి చాపాడు. "క్యారేజీ ఇలా ఇవ్వు."

"నేనండీ. నన్ను కూడానా?"

"పాసుందా?"

పెద్దమ్మ నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది. క్యారేజీ నిలువుగా కమ్మీల మధ్యనుంచి పట్టలేదు. గిన్నెలు విడదీసి, ఒక్కొక్కటే పక్కకు వంచి, ఒలకకుండా లోపలికి అందించింది. ఆయన అవి స్టూలు మీద పెట్టుకుని, పక్కన నిలబడి, రోడ్డు వైపు మొహం పెట్టి తిన్నాడు. మేమిద్దరం బయట ఎండలో నిలబడ్డాం, ఖాళీ గిన్నెల కోసం.